మీ లంక దాకా పడవలో

మంగా,

నిన్ననే ఫిల్మ్‌నగర్ తిరిగొచ్చాను. ఒళ్ళంతా అలసటగా ఉంది. నీ సంవత్సరీకం గోదావరి గట్టున జరిపించాం. మర్నాడు మీ తమ్ముడు నన్ను పడవ ఎక్కించాడు. మంచంలో ఉన్నన్నాళ్ళూ నువ్వడిగింది అదే కదా, ఒక్కసారి మా లంక చూసొద్దామని.

దసరా వెళ్ళినా వానలు తగ్గలేదు. లంకల మధ్య ఎక్కడా మనిషి అలికిడి లేదు, అరటితోటలు తడుస్తున్నాయి. ఉన్నట్టుండి వాన పెద్దదైంది. ఇన్నేళ్ళూ షూటింగుల్లో ట్యాంకరు నీళ్ళతో వాన కురిపించినవాణ్ణి కదా, నాకు తెలియకుండానే చెయ్యెత్తి "వాల్వు కట్టెయ్" అని అరిచాను.

"ఏంటి బావా, ఇక్కడా డ్యూటీయేనా? ఈ ట్యాంకరు మన చేతిలో లేదు" అని మీ తమ్ముడు పడీపడీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైంది.

మీ లంక ఉంది మంగా. గట్టు కోసుకుపోయి సగమే మిగిలింది. మీ ఇల్లు మాత్రం నిలబడే ఉంది. అరుగు మీద మీ పిన్ని కూర్చునుంది. మీవాడు పడవని ఒడ్డుకి ఆనించి, "దిగు బావా, కాఫీ తాగి వెళ్దాం" అన్నాడు.

దిగలేకపోయాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లోకి నీ వెనకాలే వెళ్ళాను. నువ్వు లోపలికెళ్ళి "ఆయనొచ్చారు" అని చెబితే గానీ చెప్పులు విప్పేవాణ్ణి కాదు. నువ్వు లేకుండా వెళ్ళి ఏమని పలకరించను? పడవలోంచే మీ పిన్నికి నమస్కారం పెట్టి వచ్చేశాను.