యాభై నాలుగు పాళ్ళ ఊరు

కరాషఖ్తా,
డిసెంబరు తొమ్మిది, సోమవారం.

రౌషన్‌కు,

సెరిక్‌బోల్ సలాములు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ, మన తొగ్జానూ అల్మాతీలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఇక ఫోనులో నాతో ఈ సంగతి మాట్లాడనన్నావు. "నువ్వు ఫోనులో మాట్లాడవు, సభలో ప్రసంగిస్తావు. చెప్పేదేదో కాగితం మీద పెట్టు, మధ్యలో లేచి టీ కాచుకునైనా చదువుతాను" అన్నావు. సరే, పెడుతున్నాను. రేపటి అల్మాతీ రైల్లో నాలుగో పెట్టె చూసుకునే జమాల్ అపా చేతికి ఈ కవరు ఇస్తాను. బుధవారం పొద్దున్నే స్టేషనుకు వెళ్ళి తీసుకో. శుక్రవారం నువ్వు మన ఊరికి వచ్చేయడానికి ఆ బదిలీ కాగితం మీద సంతకం పెట్టాలి, అంతకు ముందే ఇది పూర్తిగా చదవాలి. సగంలో కోపం వస్తే పక్కన పెట్టు గాని చింపకు. అసలు సంగతి చివర ఉంది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. తొగ్జాన్ ఉన్ని బూట్లు అటక మీద దొరికాయి. చిమ్మటలు కొట్టలేదు గాని పిల్ల పాదం పెరిగి ఉంటుంది, పట్టవు. మీ అమ్మ పంపిన గుర్రపు మాంసం కజీని బాల్కనీలో వేలాడదీశాను. ఇంకా కొయ్యలేదు. వంటింటి కిటికీ సందుల్లో దూది కూరి, పైన కాగితం అంటించాను. పై అంతస్తు నీనా వసీల్యెవ్నా మెట్ల మీద ఎదురైనప్పుడల్లా నిన్ను అడుగుతోంది. "మీ ఆవిడ వస్తోందట కదా. మంచిదే. నీ ఉపన్యాసాలు ఇంట్లోనే ఖర్చయిపోతాయి, మా మెట్లకి విశ్రాంతి" అంది. తొగ్జాన్ మంచం ఎక్కడ వేశానని రెండు ఉత్తరాల్లోనూ అడిగావు. దానికి జవాబు తర్వాత రాస్తాను.

ఇక నీ పట్టిక, ఏ ఊళ్ళో ఉండి పని చేస్తే నూటికి ఎన్ని పాళ్ళ జీతమో మీ కంపెనీ వేసింది. నువ్వు పంపిన ఫోటో చూసి అంకెలన్నీ నా పుస్తకంలో ఎక్కించుకున్నాను. అల్మాతీ నూరు. అస్తానా నూట మూడు. అతిరావ్ చమురు ఊరు కనక తొంభై ఎనిమిది. షిమ్‌కెంత్ డెబ్భై. అన్నిటికీ అడుగున మన కరాషఖ్తా, యాభై నాలుగు. ఒకే కంపెనీ, ఒకే టీ, ఒకే మార్కెటింగ్ మేనేజర్. ఆమె అల్మాతీ ఆఫీసులో కూర్చుంటే నెలకు ఏడు లక్షల టెంగే. అదే ఆమె మన వంటింటి బల్ల ముందు కూర్చుని అదే పని చేస్తే మూడు లక్షల డెబ్భై ఎనిమిది వేలు. మీ జీతాల విభాగంలో సానియా ఉందే, ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పిందన్నావు: "మీ ఊళ్ళో బతుకు చవక కదా అపా, లెక్క చూసుకుంటే మీకే మిగులు."

ఆ సానియాని నా తరపున ఒకటి అడుగు. మీ టీ పొట్లాన్ని మా బజారులో యాభై నాలుగు పాళ్ళకు అమ్ముతారా? అమ్మరు. దూరం తెచ్చామని ముప్పై టెంగేలు పైన వేసుకుంటారు. ఫోను ఇక్కడ చవకా? పిల్ల దగ్గు మందు చవకా? చలి ముదిరిన ఊళ్ళో కోటు ఇంకా మందంగా ఉండాలి, కనక ఇంకా ఖరీదు. కొనేటప్పుడు దేశమంతా ఒకే ఊరు, కూలి ఇచ్చేటప్పుడు మాత్రం ఊరికో రేటు. ఏడు లక్షల్లో సగం ఆ ఒంటిగది ఇంటి యజమాని జేబులోకి పోతోందన్నావు. అంటే కంపెనీ ఆ పైకం నీకిస్తున్నట్టా, నీ చేతి మీదుగా వాడికిస్తున్నట్టా? నీ బుర్రకు వెల కట్టవలసిన చోట నువ్వు నిద్రపోయే గదికి వెల కడుతున్నారు. గది మారగానే నీ బుర్రలో దాదాపు సగం ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు.

ఇక్కడ నువ్వు టీ కాచుకోవడానికి లేచి ఉంటావు. కాచుకురా, ఆగుతాను.

పోయిన ఆదివారం ఇదంతా చెబితే నువ్వు అడ్డు రాకుండా విని, చివర ఒక్క మాట అన్నావు. "సెరిక్, నువ్వు చెప్పేది న్యాయమే. న్యాయం చెప్పుకుంటూ రెండేళ్ళు రెండు ఊళ్ళల్లో ఉన్నాం. పిల్ల నిన్ను ఫోనులో కాపురముండే మనిషనుకుంటోంది. సగం జీతమైతే సగం జీతం, ముగ్గురం ఒక బల్ల దగ్గర కూర్చుని తిందాం."

ఫోను పెట్టేసి, ఆ లెక్కే నా పుస్తకంలో వేసి చూశాను. నీ లెక్క కూడా తప్పు కాదు, అద్దె లేకపోతే నీ చేతిలో ఇప్పటికంటే ఎక్కువే మిగులుతుంది. ఒప్పుకుంటున్నాను. కానీ మన ఊరికి ఆ యాభై నాలుగు ఎలా వచ్చిందో నువ్వు చూడలేదు. నేను చూశాను.

పట్టికలో నాలుగో గడి చూడు, "ఇల్లు, వెచ్చదనం" అని ఉంటుంది. అల్మాతీ నూరైతే మనం పంతొమ్మిది. అంత తక్కువ ఇంకే ఊరికీ లేదు. మొత్తం అంకెను కిందికి లాగింది ఆ గడే. ఆ పంతొమ్మిదిని తెచ్చింది ఎవరనుకున్నావు? నేనే.

ఆరేళ్ళు. ఊళ్ళో ఇళ్ళన్నిటికీ నేల కింది గొట్టాల్లో వేడినీళ్ళు పంపే ఆ బాయిలర్ స్టేషను యజమాని వేడి రేటు పెంచుతానన్న ప్రతిసారీ నగర సభకు వెళ్ళాను. కాలేజీలో చరిత్ర పాఠం ముగించుకుని, పత్రికకి వ్యాసం రాసిచ్చి, గని పింఛనుదార్లను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆరుసార్లూ గెలిచాం. ఆఖరుసారి నన్ను భుజాల మీద మోశారు. నువ్వు కిందనుంచి "మెడ విరుగుతుంది, దిగు" అని కేకలు పెట్టావు. అదే సభలో ఎర్మెక్ లేచి, ఈ రేటుకి గొట్టాలు మార్చలేను, అతుకులు మాత్రం వేయగలను అన్నాడు. బళ్ళో ఎనిమిదేళ్ళు నా పక్కన కూర్చున్నవాడు, ఇప్పుడు స్టేషను పెద్ద ఇంజనీరు. మర్నాడు పత్రికలో వాడికి యజమాని కుక్క అని పేరు పెట్టాను. రెండేళ్ళు నాతో మాట్లాడలేదు.

నేనేమీ ఆ యజమాని వైపు తిరగలేదు. రేటు పెంచి ఉంటే వాడు గొట్టాలు మార్చేవాడని ఇప్పటికీ నమ్మను. ఇన్నాళ్ళ లాభం ఎక్కడో సముద్రం ఒడ్డున ఇల్లై కూర్చుందని ఊరందరికీ తెలుసు. కానీ రేటు పెంచవద్దన్నవాడు ఆ గొంతుతోనే గొట్టాలు చూపించమని కూడా అడగాలి. నేను అడగలేదు. బిల్లు చేతిలో ఉంటుంది, దాని మీద కోపం సులువుగా వస్తుంది. గొట్టం నేల కింద ఉంటుంది. ఎవరో పెట్టవలసిన ఖర్చు ఎవరూ పెట్టకుండా వదిలేస్తే, దానికి మనం పెట్టుకున్న పేరు చవక. దాన్ని ఎక్కడో అల్మాతీలో ఒక అమ్మాయి పట్టికలో వేసుకుని, నీ జీతంలోంచి కోసేసింది.

ఇక నీకు చెప్పని సంగతి.

ప్రతి సెప్టెంబరులో ఒక కమిషను వచ్చి బాయిలర్ స్టేషను చలికాలానికి సిద్ధమని పత్రం ఇస్తుంది, నీకు తెలుసు. ఐదు సంతకాలు. ఈసారి ప్రజల తరపున నన్ను వేశారు. గౌరవమనుకుని పొంగిపోయాను. తనిఖీ రోజున ఎర్మెక్ నన్నొక్కడినీ పిల్లల బడి వెనక తవ్విన గుంటలోకి దింపాడు. కోసి పెట్టిన గొట్టం ముక్కను నా చేతిలో పెట్టి, బొటనవేలితో నొక్కమన్నాడు. నొక్కాను. వేలు లోపలికి పోయింది.

"నాకు కుక్క అని పేరు పెట్టావు కదా," అన్నాడు. "కుక్క చెబుతోంది, విను. సున్నాకి కింద ముప్పై దాటితే ఇది నిలవదు."

"తెలిసీ నువ్వెలా సంతకం పెడతావురా?"

"నాకు ఉద్యోగం ఉంది. మిగతా ముగ్గురికీ ఉద్యోగాలే. పై అధికారి పెట్టమంటే పెడతాం. ఐదో సంతకం ఒక్కటే ఎవరి జీతం తిననిది. అందుకే నిన్ను గుంటలోకి దింపాను."

ఆ మధ్యాహ్నం ఐదో సంతకం పెట్టాను, రౌషన్.

ఎందుకని అడిగినవాళ్ళందరికీ మంచి వాదన చెప్పాను. పత్రం ఆపితే అత్యవసరమని రేటు రెట్టింపు చేస్తారు, పింఛనుదార్లు ఏమైపోవాలి అని. పత్రికలోనూ అదే రాశాను. అందరూ నమ్మారు. అది నిజం కాదు. దానికి ముందు రోజే నువ్వు ఫోను చేసి, కంపెనీ ఇంటి నుంచి పని చేయనిస్తుందట, కొత్త సంవత్సరానికి వచ్చేస్తామన్నావు. ఊరు చలికి సిద్ధమేనా అని కూడా అడిగావు. పత్రం ఆగితే అది టీవీలో వస్తుంది. టీవీలో చూశాక నువ్వు రావు. నాకు మీరు రావాలి. అంతే. ఇంత ఊరి చలికి నేను సంతకం పెట్టింది నా బల్ల దగ్గర రెండు కుర్చీలు నిండడం కోసం. మర్నాడు నీకు ఫోను చేసి, "పత్రం వచ్చేసింది, దిగులు పెట్టుకోకు" అన్నాను. ఎవరి సంతకంతో వచ్చిందో చెప్పలేదు.

అప్పటినుంచి చూస్తున్నవి చెబుతాను. మంచు పడ్డాక మన వీధి కుక్కలు పోస్టాఫీసు పక్కన ఒకచోట ముడుచుకుని పడుకునేవి, గుర్తుందా? కింద గొట్టం కారి నేల వెచ్చగా ఉంటుందని. ఈ ఏడాది అవి వరసగా పడుకుంటున్నాయి. పోస్టాఫీసు దగ్గర మొదలై, పిల్లల బడి గేటు దాకా. గొట్టం ఎటు పోతోందో తెలియడానికి పటం అక్కర్లేదు. ఆ వరస పొడుగునా, మంచు మధ్యలో, పచ్చగడ్డి మొలిచింది. నీనా వసీల్యెవ్నా ఆగి చూసి, "డిసెంబరులో వసంతం, ఎంత బావుందో" అంది. నేను తల దించుకుని వచ్చేశాను.

బజారులో ఇనప పొయ్యిలు పెట్టారు. ధర నిరుటికి మూడింతలు. సానియా పట్టికలో వాటికి గడి లేదు. ఎవరు కొంటున్నారని అమ్మేవాణ్ణి అడిగాను. "ముందు బాయిలర్ స్టేషనువాళ్ళే కొన్నారు ఆగా," అన్నాడు. "వాళ్ళు మోసుకుపోవడం చూశాక మిగతావాళ్ళు ఎగబడ్డారు." గురువారం రెండో బాయిలర్ ఆపారు, చిన్న మరమ్మతు అన్నారు. శనివారం ఎర్మెక్ తన పిల్లల్ని కరగండా పంపేశాడు. ఈ నెల ఇరవై దాటాక సున్నాకి కింద ముప్పై ఎనిమిది అంటున్నారు.

కనక శుక్రవారం సంతకం పెట్టకు. జీతం తగ్గిస్తే రావద్దని నేను వాదించడం లేదు. ఏడు లక్షలూ ఇచ్చి పంపినా రావద్దు. ఆ ఒంటిగదిలోనే ఉండు. ఆ అద్దెను నోరారా తిడుతూ కట్టు.

రేపు జమాల్ అపాకి కవరు ఇచ్చి, అటునుంచి నేరుగా నగర సభకు వెళ్తాను. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని, ఎందుకు పెట్టానో దాంతో సహా, నిలబడి చదువుతాను. గొట్టం ముక్క సంచిలో పెట్టుకున్నాను. ఈసారి భుజాలెవరూ ఇవ్వరు, మెడ గురించి నువ్వు బెంగపడక్కర్లేదు. నేను చదివితే గొట్టం గట్టిపడదని తెలుసు. బడి అయినా మూస్తారేమో, పిల్లలున్నవాళ్ళయినా కదులుతారేమో. మరి నువ్వెందుకు అక్కడ, నువ్వూ వచ్చేయ్ అంటావు. నీనా వసీల్యెవ్నాకి వెళ్ళడానికి ఇంకో ఊరు లేదు. ఆమె వెచ్చదనానికి పూచీ పడింది నేను. ఉంటాను.

ఈ ఉత్తరం మొదట్లో అందరం క్షేమమని రాశాను. ఆ వాక్యం కొట్టేసి చదువుకో.

తొగ్జాన్ మంచం సంగతి. గోడ కింద వేడిగొట్టానికి ఆనించి వేయమన్నావు. అక్టోబరులోనే వేశాను, గుర్రప్పిల్లల బొమ్మల దుప్పటి కూడా పరిచాను. ఇవాళ పొద్దున గొట్టం మీద చెయ్యి ఆనిస్తే, నా చెయ్యే వెచ్చగా ఉంది. మంచం విప్పేసి చెక్కలు గోడకు నిలబెట్టాను. ఆ చోట ఇనప పొయ్యి పెట్టి, పొగ పోవడానికి కిటికీ అద్దం కోశాను. దుప్పటి నీకు పంపుతున్నాను. చెక్కలు ఇక్కడే ఉంచుకుంటున్నాను, అవసరం పడవచ్చు.

ఇట్లు,
ఐదో సంతకం పెట్టినవాడు,
తొగ్జాన్ నాన్న,
సెరిక్‌బోల్.