నలభై ఒక్క వేల మంది, ముప్ఫై ఎనిమిది గూళ్ళు

ఏప్రిల్ 3

మా ఆవిడ గున్‌వోర్ పడిపోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. పక్షవాతం. కుడి చెయ్యి లేవదు. మాట లేదు. కానీ అన్నీ అర్థమవుతున్నాయి అంది డాక్టరమ్మ.

ఇవాళ ఆస్పత్రిలో ఎడమ చేత్తో తన ఫోను తీసి నా కోటు జేబులో పెట్టింది. జేబు మీద రెండుసార్లు తట్టింది.

ఆ ఫోనులో నలభై ఒక్క వేల రెండొందల మంది ఫాలోవర్లున్నారు. ఆరేళ్ళలో ఒక్కొక్కళ్ళనే పోగేసుకుంది. మా లామ్‌వేర్ దీవినీ, ఇక్కడ గుడ్లు పెట్టే సముద్రపు బాతుల్నీ చూడ్డానికి చేరారు వాళ్ళంతా. నాకు ఒక మనిషితో మాట్లాడాలంటేనే మాటలు రావు.

ఎందుకు ఇచ్చిందో తెలుసు. జూన్ పదిన పడవ బోర్డు మీటింగు. మా దీవికి పడవ రావాలా, మానాలా తేలుస్తారు. నాలుగేళ్ళ కిందటా మానేస్తామన్నారు. అప్పుడు గున్‌వోర్ ఫాలోవర్లని అడిగింది. ఆరు వేల ఉత్తరాలు వెళ్ళాయి. పడవ మాకు మిగిలింది.

పడవ రాకపోతే నర్సు రాదు. నర్సు రాకపోతే గున్‌వోర్‌ని ఇంటికి పంపరు. టౌనులో హోములో పెట్టేస్తారు. సంగతి ఇంతే.

ఏప్రిల్ 4

ఫాలోవర్లు 41,163.

ఏప్రిల్ 8

వంటింటి బీరువా తలుపు లోపల గున్‌వోర్ అతికించుకున్న కాగితం ఉంది. ఇన్నాళ్ళూ చదవలేదు. ఇవాళ చదివా.

రోజూ ఒకే వేళకి పెట్టాలి. రాసిన ప్రతి మనిషికీ జవాబివ్వాలి. పేర్లు గుర్తుంచుకోవాలి. ఎవర్నీ కంగారు పెట్టకూడదు. ఏడాదికి ఒక్కసారే ఏదన్నా అడగాలి.

దాని పక్కనే మా అమ్మ చేతిరాత కాగితం, పసుపుపచ్చగా అయిపోయింది. అది బాతుల కోసం. ఏప్రిల్ నుంచి జూన్ ఆఖరు దాకా బట్ట మార్చకూడదు. తీగ మీద బట్టలు ఆరెయ్యకూడదు. సుత్తి కొట్టకూడదు. కుక్క వద్దు. కొత్త మనిషి వద్దు.

ఇవాళ నేనూ ఒక ఫోటో పెట్టా. గూళ్ళలో పరవడానికి ఎండబెట్టిన సముద్రపు నాచు. కింద "నాచు" అని రాశా. ఇంకేం రాయాలో తోచలేదు.

సాయంత్రం పక్కింటి బోర్గ్‌హిల్డ్ వచ్చింది. దీవిలో ఉన్నవి రెండే ఇళ్ళు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, నాకంటే ఏడేళ్ళు పెద్ద, ఇప్పటికీ నన్ను అబ్బాయ్ అనే అంటుంది. ఏం అబ్బాయ్, నాచు అని రాశావు, మేం నెమలి అనుకుంటామనా, అంది. కాఫీ తాగి వెళ్ళింది.

ఏప్రిల్ 15

ప్రతి మనిషికీ జవాబు అని రూలు. నిన్నా ఇవాళా కూర్చుని నాలుగొందల మందికి రాశా. అందరికీ "అవును" అని.

బోర్గ్‌హిల్డ్ తన ఫోనులో చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. ఈ అమ్మాయి అక్కడ వానా ఎండా అని అడిగింది, నువ్వు అవును అన్నావు. ఇదిగో ఈయన గున్‌వోర్ గారికి నా ముద్దులు చెప్పండి అన్నాడు, దానికీ అవునే. నీ పెళ్ళిలో పాస్టరు అడిగినప్పుడైనా ఇంత చకచకా అన్నావా, అంది.

అనలేదు. రెండుసార్లు అడిగించుకున్నా.

38,940.

ఏప్రిల్ 27

బాతులు ఒడ్డెక్కాయి. యాభై రెండు గూళ్ళు, మేం రాయితోటీ పాత పడవ చెక్కలతోటీ కట్టినవి. ముప్ఫై ఎనిమిదింటిలో కూర్చున్నాయి. నేను వంగి చూస్తే కదలవు. నా ఒంటి మీద బూడిద రంగు కోటు, అదే టోపీ. యాభై ఏళ్ళుగా అదే.

పడవ నడిపే శ్యూర్‌కి ఫోను చూపించా, ఎందుకు పోతున్నారు వీళ్ళంతా అని. కుర్రతనం పోని మనిషి, నలభై దాటినా. తాతా, నీ వీడియోలో నువ్వెక్కడున్నావో నేను వెతుక్కోవాల్సి వచ్చింది, రాయీ నువ్వూ ఒకే రంగు, అన్నాడు. జనానికి రంగు కావాలి, కదలిక కావాలి, గున్‌వోర్ మామ్మయితే మాట్లాడేది, నవ్వేది, నువ్వేమో శవపేటిక కొలతలు తీసుకునేవాడిలా ఉంటావు, అన్నాడు.

నిజమే.

మే 2

ఆస్పత్రి. గున్‌వోర్ నా జేబు వైపు చూపించింది. తర్వాత ఎడమ చెయ్యి ఎత్తి వేళ్ళు విప్పింది, ఎంతమంది అని.

నలభై ఒక్క వేలు అన్నా.

యాభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆవిడకి అబద్ధం చెప్పడం ఇదే మొదలు. ఆవిడ కళ్ళు మూసుకుంది, హాయిగా.

అసలు లెక్క 33,105.

మే 5

32,200.

మే 8

పార్సెలొచ్చింది, జర్మనీ నుంచి. బ్రేమెన్‌లో ఉండే మార్లిస్ అనే ఆవిడ పంపింది. ఆరేళ్ళుగా ప్రతి పోస్టు కిందా రాసే మనిషి. గున్‌వోర్ ఆవిడ మనవరాళ్ళ పేర్లు కూడా చెప్పేది.

లోపల జాకెట్. నారింజ రంగు. వంటిల్లంతా వెలిగిపోయింది. ఖరీదైనదే.

ఉత్తరం కూడా ఉంది. తాతగారూ, మిమ్మల్ని చూడాలని మాకందరికీ ఉంది, మీరేమో దాక్కుంటున్నారు, కనబడకపోతే జనం మరిచిపోతారండీ, ఇది వేసుకుని బాతుల మధ్య ఒక్కసారి నిలబడండి, మా కోసం, అని.

బోర్గ్‌హిల్డ్ జాకెట్‌ని వేలి కొసతో ముట్టుకుంది. పొయ్యిలో నిప్పులా ఉంది, జులై దాకా పెట్టెలో పెట్టు అబ్బాయ్, అంది. మీ అమ్మ ఉంటే పెట్టెక్కూడా తాళం వేసేది, అంది.

గున్‌వోర్ కోడలిగా వచ్చిన మొదటి వసంతంలో బాతులు ఆవిడని చూసి లేచిపోయేవి. అమ్మ తన కోటు విప్పి ఆవిడకి తొడిగింది. అప్పుడు ఊరుకున్నాయి. ఆ కోటే ఇన్నేళ్ళూ వేసుకుంది గున్‌వోర్. ఇప్పుడు తలుపు వెనక మేకుకి ఉంది.

జాకెట్ పెట్టెలో పెట్టా.

మే 10

బోర్డు వాళ్ళ కాగితం వచ్చింది. జూన్ ఒకటి దాకా వచ్చిన ఉత్తరాలే లెక్కలోకి తీసుకుంటారట. మా దీవి నుంచి ఇంతవరకూ రెండు. ఒకటి నాది, ఒకటి బోర్గ్‌హిల్డ్‌ది.

ఫాలోవర్లని అడిగా. ఏడాదికి ఒక్కసారి అడగొచ్చు కదా. "పడవ కోసం ఉత్తరం రాయండి" అని పెట్టా. మూడొందల మంది చూశారు. పదకొండు మంది రాశారు.

పదకొండు.

మే 11

29,880. ఉడకబెట్టిన చేప అలాగే గిన్నెలో ఉంది.

మే 12, ఉదయం 5

ఒక్కసారే. జాకెట్ వేసుకుని మొదటి గూడు దాకానే. అవి నన్ను యాభై ఏళ్ళుగా ఎరిగినవే. బట్టనే ఎరుగుతాయా, మనిషిని ఎరగవా.

మే 12, ఉదయం 9

లేచిపోయాయి. అన్నీ.

ఫోనుని గుంజకి ఆనించి, అయిదడుగులు వేశానో లేదో. ముందు ఒకటి. తర్వాత మిగతావన్నీ ఒక్కసారే. ఆ రెక్కల చప్పుడు నేనెప్పుడూ వినలేదు. మా నాన్నా విని ఉండడు. నేను అలాగే నిలబడ్డా, చేతులు చాచి, ఆగండి ఆగండి అన్నట్టు.

జాకెట్ విప్పి రాళ్ళ మీద పడేశా. చొక్కాతో కూర్చున్నా, గంటసేపు. తిరిగి రాలేదు. గుడ్లు తల్లులు పరిచిన నూగు ఈకల్లో అలాగే ఉన్నాయి. గుడ్ల మీద నూగు కప్పకుండానే లేచిపోయాయి. ముట్టుకున్నా. వెచ్చగా ఉన్నాయి ఇంకా.

మే 12, సాయంత్రం

వీడియో పెట్టేశా.

ఎందుకు పెట్టానో నాకు తెలుసు. రాయను.

మే 13

58,400.

మే 14

ఒక లక్షా మూడు వేలు.

ఎంత అందం అంటున్నారు. స్వేచ్ఛ అంటున్నారు. ముసలాయన చేతులు చాచి దీవిస్తుంటే పక్షులు ఆకాశానికి ఎగురుతున్నాయి అని ఎవరో రాశారు. ఎవరో దానికి పియానో కలిపారు. మార్లిస్ రాసింది, తాతగారూ, జాకెట్ ఎంత నప్పిందో, ఏడుపొచ్చింది నాకు, అని.

నాకూ.

పొద్దున కాకులు, సముద్రపు గల్లు పక్షులు గుడ్ల కోసం గూళ్ళ మీద పడ్డాయి. రాళ్ళు విసిరా. ఎన్నిటికని విసురుతా.

బోర్గ్‌హిల్డ్ కాఫీకి రాలేదు. నేనే వెళ్ళా. కప్పు బోర్లించి పెట్టింది, నాకు పొయ్యలేదు. నీకిప్పుడు లక్షమంది ఉన్నారుగా, వాళ్ళ దగ్గర తాగు, అంది.

మే 16

నాలుగు బాతులు వచ్చి అటూ ఇటూ తిరుగుతున్నాయి. పాత కోటు వేసుకుని వెళ్ళా. దూరం నుంచే చూసి లేచిపోయాయి. కోటు పాతదే. నడక నాదే. నడకని గుర్తుపెట్టుకున్నాయి.

మే 18

మొన్న మళ్ళీ అడిగా, ఉత్తరాలు. రెండోసారి అడగడం రూలు కాదు. అడిగా.

రెండు రోజుల్లో పద్నాలుగు వేలు వెళ్ళాయి బోర్డుకి. శ్యూర్ రేవులో నా భుజం చరిచాడు, సాధించావు తాతా, ఆఫీసులో ఫోన్లు ఎత్తలేక చస్తున్నారట, ఇక పడవ ఎవడూ ఆపలేడు, అన్నాడు. ముఖం ఏంటి అలా ఉంది, నవ్వు, అన్నాడు.

మే 20

ఆస్పత్రి. నేను వెళ్ళేసరికి నర్సు గున్‌వోర్ పక్కన కూర్చుని తన ఫోనులో వీడియో చూపిస్తోంది. చూశారా అమ్మా మీ ఆయన్ని, మా పిల్లలంతా చూశారు, ఈయన మీ ఆయనే అంటే నమ్మడంలేదు, అంటోంది.

గున్‌వోర్ పక్షుల్ని చూడలేదు. ఎడమ చేతి వేలు ఎత్తి జాకెట్ మీద పెట్టింది. అలాగే ఉంచింది. ఆ వేలు కింద బొమ్మ ఆగిపోయింది.

లక్షమంది చూశారు. ఒక్కరికీ కనబడలేదు.

నర్సు వెళ్ళిపోయాక చెప్పా. మొత్తం. నలభై ఒక్క వేలు అని అబద్ధం చెప్పానని కూడా. ఇంత మాట నేనెప్పుడూ ఒక్కసారి మాట్లాడలేదు. ఆవిడ తన చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. మళ్ళీ లాగింది. చలేస్తోందా అని అడిగా. కాదు అని తల ఊపింది. నాకు అర్థం కాలేదు. పడవ టైమైంది.

మే 22

ఇది పెట్టా.

"అది అందం కాదు. మా బాతులు గుడ్ల మీద ఉండే రోజుల్లో మేం బట్ట మార్చం. నేను కొత్త జాకెట్ వేసుకున్నా, మీకు నచ్చాలని. అవి భయపడి లేచిపోయాయి. గుడ్లు చల్లారిపోయాయి. చేతులు చాచింది దీవించడానికి కాదు. ఆగమని. తప్పు జాకెట్ పంపిన వాళ్ళది కాదు, నాది. మా ఆవిడ ఇంటికి రావాలంటే పడవ కావాలి. అందుకే మీరు కావాలనుకున్నా. ఊద్వార్."

రాయడానికి నాలుగు గంటలు పట్టింది.

మే 23

61,000.

మే 24

హంతకుడా అని రాశారు. ముసలి దొంగ అన్నారు. అందరికీ జవాబివ్వాలి అని రూలు. అవును అని రాస్తున్నా.

17,300.

మే 27

బోర్డు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. మర్యాదగానే మాట్లాడింది. పెద్దాయనా, నిన్నటి నుంచి వేరే ఉత్తరాలు వస్తున్నాయండీ, పడవ వెయ్యకండి, ఆ దీవికి మనిషనేవాడు పోకూడదు, పక్షుల్ని వదిలెయ్యండి అని. ఇప్పటికి తొమ్మిది వేలు. మీ వాళ్ళే వద్దంటుంటే మేమేం చెయ్యమంటారు, అంది.

అవును అన్నా.

మే 31

బోర్గ్‌హిల్డ్ వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, నువ్వు రాసింది చదివా, అంది. కాఫీ పోశా. తాగింది.

మార్లిస్ దగ్గర్నుంచి ఉత్తరం. కాగితం మీద, చేత్తో. తాతగారూ, జాకెట్ పంపింది నేనండీ, నాకు నిద్ర పట్టడంలేదు, గున్‌వోర్ గారికి పేర్లతో తెలిసిన మా పాతవాళ్ళం ఇంకా ఉన్నాం, ఎవరం వెళ్ళలేదు, ఒక్కొక్కరం సొంతంగా రాస్తున్నాం బోర్డుకి, ఒకరిది ఒకరం చూసి రాయడంలేదు, అని.

ఎంతమందో రాయలేదు. నేనూ అడగలేదు.

జూన్ 10

పొద్దున్నుంచీ రేవులో కూర్చున్నా. శ్యూర్ పడవ కట్టకుండానే అరిచి చెప్పాడు. వారానికి రెండు ట్రిప్పులు, మంగళవారం, శుక్రవారం. ఆగస్టు ఆఖరు దాకా. ఆ తర్వాత మళ్ళీ చూస్తారట. సొంతంగా రాసిన వెయ్యిన్నొక్క ఉత్తరాలు ఒకదానిలా ఒకటి లేవట, వాటిని పక్కన పెట్టలేకపోయారట. నేనైతే ఇదీ ఉండదనుకున్నా తాతా, అన్నాడు.

ఆగస్టు ఆఖరు. పదకొండు వారాలు.

నర్సు వారానికి రెండుసార్లు వస్తే చాలు, ఇంటికి పంపి చూద్దాం అంది డాక్టరమ్మ.

జూన్ 13

గున్‌వోర్ వచ్చింది. శ్యూర్ ఎత్తుకుని దింపాడు. ఇంట్లోకి రాగానే తలుపు వెనక మేకు వైపు చూసింది. తన కోటు వైపు. నా వైపు. చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది.

అప్పుడు తెలిసింది, చలి కాదు, కోటు అని.

జూన్ 14

గున్‌వోర్ కోటు వేసుకుని వెళ్ళా. చేతులు పొట్టి. ఆవిడలాగే చిన్న అడుగులు వేశా. గూళ్ళ దగ్గర ఆవిడ గొంతులో తీసే రాగం నేనూ తీశా, నాకు వచ్చినట్టు. చివరి వరసలో మూడు బాతులు, కొత్త గుడ్ల మీద. లేవలేదు.

వెనక్కి తిరిగితే కిటికీలో గున్‌వోర్. మూడు వేళ్ళు చూపిస్తోంది.