కాగితపు సంచిలో గౌను

చెల్లీ మెరెలీటా,

శుక్రవారం పడవలో నేనూ, నా కూతురు వసీతీ సువా పట్నానికి వస్తున్నాం. నువ్వు పనిచేసే ఆసుపత్రిలో పిల్లకు పరీక్ష చేయించి, పోలీసులతో మాట్లాడేటప్పుడు పక్కనే ఉండు.

ఆదివారం ఊరిపెద్ద తమ్ముడి కొడుకు దాన్ని బలవంతం చేసిన సంగతి సోమవారం రాత్రి నీకు ఫోనులో చెప్పాను. "స్నానం చేయించకు, బట్టలు ఉతక్కు, కాగితపు సంచిలో పెట్టక్కా" అన్నావు. పక్కన మీ బావ కూర్చుని ఉంటే "అలాగే" అన్నాను. అప్పటికే అంతా అయిపోయింది చెల్లీ. వాళ్ళు మన ఆచారం ప్రకారం తిమింగలం పన్ను పట్టుకుని క్షమాపణకు వస్తున్నారని సోమవారం పొద్దున్నే కబురొచ్చింది. పెద్దలొచ్చే ఇల్లు శుభ్రంగా ఉండాలి కదా అని చాపలు కడిగాను, అది ఆదివారం వేసుకున్న గౌను ఉతికాను, పిల్లకు తలంటు పోశాను. ఎవరి మర్యాద కోసం కడిగానో చూడు!

మీ బావ పన్ను అందుకున్నాడు, అందుకుంటే క్షమించినట్టే కదా. "పన్ను పట్టాక మళ్ళీ పోలీసులేంటే? నన్ను ఊళ్ళో తలెత్తుకోనివ్వవా?" అంటున్నాడు. వసీతీ మాత్రం ఒకే మాట అంది.

"నాన్న క్షమించాడు సరే. నన్నెవరైనా అడిగారా అమ్మా?"

ఇరవై మూడేళ్ళ కూతురు అడిగిన మాట అది. వెళ్ళి శుక్రవారం పడవకు రెండు టిక్కెట్లు తీసుకున్నాను.

మీ డాక్టరమ్మను అడిగి ఉంచు, ఉతికిన బట్టలో ఏమైనా మిగులుతుందా అని. గౌను నువ్వు చెప్పినట్టే కాగితపు సంచిలో పెట్టాను. పొద్దుటి నుంచి నాలుగుసార్లు తెరిచి చూశాను. సబ్బు వాసన వస్తోంది.

నీ అక్క