ఆకుపచ్చ నాకు, నీలం మీ చెల్లెలికి

ఏవండీ,

చేపల పులుసు దాకలో ఉంది. గరిటె పెట్టి కలపకండి, ముక్క చిదిరిపోతుంది. దాక పట్టుకుని తిప్పండి. పాలు కాచి తోడు పెట్టండి. నేను ఆత్రేయపురం వెళ్తున్నాను, మా పిన్ని ఇంట్లో పసుపు దంచుతున్నారు.

మూడు రోజులుగా మీతో ఎందుకు మాట్లాడలేదో మీరు అడగనే లేదు. మీ ఐఫోన్‌లో చూశాను. మీరు నాకు పంపిన మెసేజీలన్నీ ఆకుపచ్చగా, మీ చెల్లెలు సూర్యకళకు పంపినవన్నీ నీలంగా ఉన్నాయి. మనిషిని బట్టి రంగు మీరే పెట్టారనుకున్నాను. అందుకే మొన్న పప్పుచారులో ఉప్పు వేయలేదు. మీరేమో బాగుందని రెండోసారి పోసుకున్నారు. దాంతో ఇంకా ఒళ్లు మండింది.

పొద్దున్న మన అమ్మాయి తేజస్వి ఫోన్ చేసి చెప్పింది. అవతలివాళ్లదీ ఐఫోనే అయితే నీలం వస్తుందట. నాలాంటి మామూలు ఫోనుకి పంపితే ఆకుపచ్చట. ఫోనే రంగు వేసుకుంటుందట, మీ తప్పేం లేదట. సరే, కోపం పోయింది. సాయంత్రం పూతరేకులు తెస్తాను.

ఆటో వచ్చేసింది కానీ ఇప్పుడే గుర్తొచ్చింది. గృహప్రవేశానికి పుట్టింటి కానుకని సూర్యకళకి ఆ ఐఫోన్ కొనిపెట్టింది మీరే కదా! అంటే రంగు పెట్టింది మీరేగా. పూతరేకులు తేను. పులుసు గరిటెతోనే కలుపుకోండి.