తులసికోటలో నుసుములు

శ్రావణ బహుళ తదియ, రాత్రి.

తులసికోట చుట్టూ ముసిరిన నుసుములు పోయాయి. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది.

మొగుడు పోయి మా ఇంటికి చేరిన నా కూతురు సుబ్బులు నీళ్లు పోయడంవల్లే ఆ చిన్న ఈగలు పట్టాయని అమ్మ తేల్చింది. పిల్లను కోట దరికి రానివ్వలేదు. అన్ని శుభాలకూ దూరంగా ఉంచిన పిల్లకు మిగిలిన సంతోషం ఆ మొక్క ఒక్కటే. పురోహితుడు శుద్ధి పేరుతో రోజూ పాలు, బెల్లపు నీళ్లు పోయించాడు. ఈగలు రెట్టింపయ్యాయి!

"పాలు పులిసిన మట్టికి ఈగలు రాక హంసలొస్తాయా?" అని అరిచి అవన్నీ మాన్పించాను. పైమట్టి గీకేసి, గోదావరి ఇసుక పరిచి, ఆరనిచ్చాను. ఇప్పుడు ఒక్క ఈగ లేదు.

"చూసేవా? దాన్ని దూరంగా ఉంచేం, పోయేయి" అంది అమ్మ.

"ఇసుకమ్మా, ఇసుక!"

"నీ ఇసుకకే అంత మహిమ ఉంటే శాస్త్రాలెందుకురా?"

అమ్మతో వాదన నాకు కొత్త కాదు. సాయంత్రం సుబ్బులికి చెంబు అందించి, "రేపటినుంచి నువ్వే పొయ్యమ్మా" అన్నాను.

పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దు నాన్నగారూ. నేను రాకపోబట్టే కదండీ, పోయేయి."