బడి కిటికీ కింద లారీలు

బావకి,

ఈ ఉత్తరం నీకు బుడ్డి చదివి వినిపిస్తుంది. మన రెండిళ్లలో బడి మెట్లెక్కినవాళ్లం నేనూ నీ కూతురూ మాత్రమే కాబట్టి వేరే దారి లేదు. బుడ్డీ, నాన్న ముఖం మాడినా ఆపకు. పిన్నిగా కాదు, నీ టీచర్‌గా చెబుతున్నాను, గట్టిగా చదువు.

కొత్త ఫ్లాట్ల దగ్గర లారీలను లోపలికి పంపే ఉద్యోగం నీదని అక్క ఊరంతా చెప్పుకుంటోంది. సంతోషం. కానీ వంతు వచ్చేదాకా వాటిని మా తరగతి కిటికీ కిందే ఎందుకు నిలబెట్టిస్తున్నావు? ఇంజన్లు ఆపరు, మట్టి మీద పట్టా కప్పరు. నిన్న అడిగితే ఒక డ్రైవర్ నవ్వాడు.

"మా సూపర్‌వైజర్‌కి అక్కడైతే కూతురు పాఠం చదవడం వినిపిస్తుందట, టీచరమ్మా!"

ఆహా, ఏం ప్రేమ బావా! పొగ భరించలేక కిటికీలన్నీ మూయించాను. ఇప్పుడు నీకు పాఠమూ వినపడదు, మాకు గాలీ ఆడదు. పిల్లలు తోటకూర కాడల్లా వాలిపోతున్నారు.

రేపటి నుంచి లారీలను ఆ ఫ్లాట్ల వెనక గేటు దగ్గర, ఇంజన్లు ఆపించి నిలబెట్టించు. పాఠం వినాలనుంటే తరగతిలోకే రా, వెనక బెంచీ ఖాళీగానే ఉంది. కుదరదంటావా, అక్కతో చెబుతాను. ఆ తర్వాత నీ వంట నువ్వే.

ఇంకొక్క మాట. బుడ్డి ఇది చదువుతూ దగ్గు వచ్చి చాలాసార్లు ఆగి ఉంటుంది. ఆగిన చోటల్లా నేను ఫుల్‌స్టాప్ పెట్టలేదు బావా.

నీ మరదలు