బావి మూసే ఖర్చు

నువ్వు పారిపోయావు బావా. వాదన సగంలో ఉండగా చచ్చిపోవడాన్ని నేను ఇంకో మాటతో పిలవను.

లోతు సముద్రంలో చమురు బావులకు ఖర్చు అంచనా వేయడం నీ ఉద్యోగం. సాలూరు లారీల ఇంట పుట్టావు గనక ఏది చెప్పినా లారీతోనే చెప్పేవాడివి. "ఒరే బామ్మర్దీ, ఘాటీలో లారీ ఆగిపోతే మెకానిక్కు నడిసెల్తాడు. సముద్రం అడుగున వాల్వు పాడైతే ఓడే ఎల్లాల. అందుకే ముందే మంచిది ఎయ్యాల."

"మరి ఆఖర్న తుక్కు ఎవడు తీస్తాడు?" అని నేను అరిచేవాణ్ణి.

"బావి మూసేదాకా లెక్కెయ్యనోడు ఇంజనీరేటి?" అని నువ్వు నాకంటే గట్టిగా అరిచేవాడివి.

నువ్వు పోయిన ఏడాదికి, నిన్న, శ్రీకాకుళంలో కొత్త బావుల మీద సభ పెట్టారు. కంపెనీ ఇంజనీరు తవ్వకం, నడపడం, మరమ్మతు అన్నీ చెప్పి కూర్చున్నాడు. మూసే ఖర్చు ఊసే లేదు. లేచి నీ మాటే అడిగాను. "అది మన పిల్లల కాలం సంగతి సార్" అని నవ్వాడు. నాకు కోపం వచ్చినంత తొందరగా అంకెలు రావు. అందించడానికి నువ్వుంటావని అలవాటుగా పక్క కుర్చీ వైపు తిరిగాను.

వెనక వరసలోంచి వలలేసే అప్పన్న వంగి అడిగాడు. "గొట్టాలు అడుగునే ఒగ్గేస్తే మా వలలు సిరిగిపోవా బాబూ? మీ బావ రాలేదేటి?"

రాలేదన్నాను.

ఇవీ నా డిమాండ్లు:

బావి మూసే సొమ్ము తవ్వకముందే వేరుగా జమ చెయ్యాలి.

ఒడ్డుదాకా వేసిన గొట్టాలు వేసినవాళ్లే తియ్యాలి.

చిరిగిన వలకు కొత్త వల ఇవ్వాలి.

వచ్చే సభకు నువ్వు రావాలి.